కొత్త టైర్లు ముందుకా? వెనుకకా?

కారునకు టైర్లు నాలుగు. నాలుగును ఒకే దినమున కొన్నవే అయినను, నాలుగును ఒకే దినమున అరిగిపోవు. నేడు మన రహదారులపై తిరుగు చిన్న కార్లలో పెక్కింటికి ఇంజను శక్తి ముందు చక్రములకే అందును. ఆ ముందు చక్రములే బండిని లాగవలెను. అవే మలుపు త్రిప్పవలెను. బ్రేకు వేసినపుడు బరువు ముందునకు ఒరుగుటచేత బండిని ఆపు పనిలో పెద్ద పాలు కూడ వాటిదే. ఇన్ని పనులు చేయు టైర్లు ముందుగా అరుగుటలో వింత లేదు. వెనుకవి ఇంకను కొంతకాలము నడచునట్లుండగనే, ముందువి రెండును గుండ్లయి కూర్చుండును.

అప్పుడు గృహస్థునకు ఒక చిక్కు ప్రశ్న ఎదురగును. నెల జీతముతో సంసారము గడుపువానికి ఒక్కసారి నాలుగు టైర్లు కొనుట మాటలు కాదు. కావున రెండు కొనును. ఆ రెండింటిని ఎక్కడ బిగింపవలెను? పాతవి తీసినచోటనే కొత్తవి బిగించుట అనేక దుకాణములలో వాడుక. యజమానికి కూడ అదియే న్యాయముగ తోచును. పాటుపడు ఎద్దునకే పచ్చగడ్డి వేయవలెను గదా! కాని మిషెలిన్ మొదలగు టైర్ల తయారీదారులు ఇచ్చు సలహా దీనికి సరిగా ఎదురు: రెండే కొన్నచో కొత్తవి వెనుకకు పోవలెను, వెనుకనున్న మంచివి ముందునకు రావలెను. ఇంజను ఏ చక్రములను త్రిప్పినను సూత్రము ఇదియే.

వినగానే ఈ మాట తలక్రిందులుగ కనిపించును. ఇందలి న్యాయము తెలియవలెనన్నచో, టైరు నేలను ఎట్లు పట్టుకొనునో మొదట చూడవలెను.

నాలుగు పోస్టుకార్డులు

మనుష్యులతో కూడ 1200 కిలోల బరువు తూగు ఒక కారును తీసికొందము. ఒక్కొక్క టైరుపై సుమారు 300 కిలోలు పడును. టైరులోని గాలి ఒత్తిడి చదరపు అంగుళమునకు 32 పౌండ్లు. అనగా చదరపు సెంటీమీటరునకు సుమారు 2.25 కిలోలు. 300ను 2.25 చేత భాగించినచో 133 వచ్చును. టైరు గోడల బిగువు వలన ఈ లెక్క కొంత అటునిటు అగునుగాని, నేలను తాకు రబ్బరు ఇంచుమించు 133 చదరపు సెంటీమీటర్లని గ్రహింపవచ్చును. మన తపాలా కార్డు పొడవు 14 సెంటీమీటర్లు, వెడల్పు 9, వైశాల్యము 126. అనగా అంత బండిని, అందులోని ప్రాణములను నేలకు పట్టి ఉంచునది నాలుగు పోస్టుకార్డులంత రబ్బరు మాత్రమే.

పొడి నేలపై ఈ పట్టునకు గాళ్లతో పనిలేదు. మెత్తని రబ్బరు కంకర గరుకులోనికి అదిమికొని పట్టును. వాన లేని దినమున పందెపు కార్లు గాళ్లే లేని నున్నని టైర్లతో పరుగెత్తుట ఇందుకే. కావున గుండయిన టైరు వేసవిలో ఏ దోషమును బయటపెట్టదు. బండి చక్కగ తిరుగును, చక్కగ ఆగును. "ఇంకొక ఏడాది నడచునులే" అని యజమాని తృప్తిపడును. ఆ తృప్తి తొలి వానతో తీరిపోవును.

గాళ్లు చేయు పని నీటిని తప్పించుట. పదునెనిమిదిన్నర సెంటీమీటర్ల వెడల్పుగల టైరు, మూడు మిల్లీమీటర్ల నీరు నిలిచిన రోడ్డుపై గంటకు 80 కిలోమీటర్ల వేగమున పోవుచున్నదనుకొందము. ఆ టైరు తన త్రోవ నుండి సెకనునకు సుమారు 12 లీటర్ల నీటిని తొలగింపవలెను. రెప్పపాటు కాలమున బిందెడు నీరు! గాళ్లు లోతుగ ఉన్నచో ఆ నీటిలో చాల భాగము వాటివెంట ప్రక్కలకును వెనుకకును పారిపోవును. లోతు లేనిచో నీరు టైరు క్రిందనే చిక్కుకొని, దానిని పైకి ఎత్తుటకు చూచును.

అమెరికాలోని నాసా సంస్థవారు విమానములు తడి రన్‌వేలపై జారుటను గూర్చి పరిశోధించి, 1963లో వాల్టర్ హార్న్, రాబర్ట్ డ్రెహర్ అను ఇరువురి నివేదికను ప్రకటించిరి. అందలి సూత్రము భౌతికశాస్త్రము చదువు విద్యార్థులకు సులభముగ బోధపడును. వేగము పెరిగినకొలది టైరు క్రింది నీటి ఒత్తిడి వేగపు వర్గమును అనుసరించి పెరుగును. ఆ ఒత్తిడి టైరులోని గాలి ఒత్తిడికి సమానమైనపుడు టైరు నేలను విడిచి నీటిపై తేలును. లెక్కలో చెప్పవలెనన్నచో, చదరపు అంగుళమునకు ఎన్ని పౌండ్ల గాలి ఉన్నదో ఆ అంకె వర్గమూలమును 16.7 చేత గుణింపవలెను. వచ్చినది గంటకు కిలోమీటర్లలో ఆ వేగము. 36 పౌండ్లకు వర్గమూలము 6; తేలు వేగము 100. గాలి తగ్గి 25 పౌండ్లకు దిగినచో వర్గమూలము 5. తేలు వేగము సుమారు 83. ఈ సూత్రము నున్నని టైరునకును, గాళ్ల లోతును మించి నీరు నిలిచినచోటికిని వర్తించును. మంచి గాళ్లున్నచో, నీరు పలుచగ ఉన్నచో, ఇంకను హెచ్చు వేగము వరకు పట్టు నిలుచును. గుండు టైరునకు ఆ వెసులుబాటు లేదు. గాలి తక్కువైన గుండు టైరు మరింత అపాయకరము.

తేలుట వరకు పోనక్కరలేదు; పట్టు తగ్గినను చాలును. రెండు కార్లు గంటకు 80 కిలోమీటర్ల వేగమున ప్రక్క ప్రక్కన పోవుచు, ఒకే క్షణమున బ్రేకు వేసినవనుకొందము. ఒకదాని టైర్లకు తడి రోడ్డుపై ఘర్షణ గుణకము 0.7, రెండవదానికి 0.4 అనుకొందము. మొదటిది 36 మీటర్లలో ఆగును. రెండవది ఆగుటకు 63 మీటర్లు కావలెను. అంతకంటె విచారింపదగినది మరియొకటి కలదు. మొదటి కారు పూర్తిగ ఆగిన చోటికి వచ్చునప్పటికి రెండవది ఇంకను గంటకు 52 కిలోమీటర్ల వేగమున పోవుచుండును. ఆ చోట ఒక బాలుడు రోడ్డు దాటుచున్నచో ఈ లెక్క లెక్కగ ఉండదు.

తల జారుట వేరు, తోక జారుట వేరు

ఇక అసలు ప్రశ్నకు వత్తము. ఒక కారు తడి రోడ్డుపై మలుపు తిరుగుచున్నది. ముందు టైర్లు అరిగినవి, వెనుకవి కొత్తవి. వేగము మితిమీరినపుడు ముందు టైర్లు జారును. బండి తిరుగవలసినంత తిరుగక, మలుపునకు వెలుపలి వైపునకు సాగిపోవును. కాని జారుటకు ముందే స్టీరింగు చేతిలో తేలికయగును. నడుపువానికి ఏదో తేడా ఉన్నదని తెలియును. భయపడిన మనిషి సహజముగ చేయు పని కాలు పైకి తీయుట. కాలు తీయగనే బండి బరువు ముందునకు ఒరుగును, ముందు టైర్లపై ఒత్తిడి పెరుగును, వేగము తగ్గును, పోయిన పట్టు చాలవరకు తిరిగి వచ్చును. భయము చేయించిన పనియే ఇక్కడ మందు.

ఇప్పుడు టైర్లను తారుమారు చేయుదము. ముందు కొత్తవి, వెనుక అరిగినవి. అదే మలుపు, అదే వాన. ముందు టైర్లు గట్టిగ పట్టుకొని తిరుగును. వెనుకవి నిలువలేక ప్రక్కకు జారును. బండి తోక వెలుపలికి విసరినట్లగును. నడుపువాడు ఉలికిపడి కాలు తీయును. బరువు ముందునకు ఒరిగి, అసలే పట్టులేని వెనుక టైర్లు మరింత తేలికపడును. తోక మరింత వేగముగ తిరుగును. భయము చేయించిన పనియే ఇక్కడ విషము. స్టీరింగును వెంటనే ఎదురు దిశకు, తగినంత మాత్రమే త్రిప్పి సరిచేయుట పందెములు నడుపువారికి అభ్యాసవశమున అబ్బును. పిల్లలను బడికి దింపి తాను బడికి పోవు ఉపాధ్యాయునకు ఆ అభ్యాసము ఎక్కడిది? ఉన్నను, దానికి దొరకు కాలము ఒక్క సెకను కూడ కాదు.

దీనిలోనే మరియొక మోసము కలదు. నడుపువాని చేతులకు వార్త తెచ్చునవి ముందు టైర్లే. స్టీరింగు వాటికే తగిలి ఉన్నది. వెనుక టైర్లు ఏమి అనుభవించుచున్నవో అతనికి తెలుపు సాధనము లేదు. ముందు కొత్త టైర్లున్నచో వానలో కూడ స్టీరింగు నిబ్బరముగ ఉండును; "బండి భేషుగ ఉన్నది" అని అతడు వేగము తగ్గింపడు. వెనుక టైర్ల దోషమును ముందున్న కొత్త టైర్లే కప్పిపుచ్చును. కొన్న భద్రతయే అపాయమునకు తెర అగును.

బాణము చేయువాడు ఈ రహస్యమును ఏనాడో ఎరుగును. అతడు ఈకలను మొనవద్ద కట్టడు, తోకవద్ద కట్టును. తోకను గాలి పట్టి ఉంచినపుడే మొన సూటిగ పోవును. కారు విషయమునను అంతే. తోకకు పట్టు అధికముగ ఉన్నంతకాలము బండి తన త్రోవను తాను నిలుపుకొనును.

ఇది నేటి కొత్త సిద్ధాంతము కాదు. మిషెలిన్ సంస్థవారు 1946లో పేటెంటు పొందిన రేడియల్ టైరు, అంతకుముందున్న అడ్డునేత టైరుకంటె నేలను గట్టిగ పట్టును. రెండు రకములను కలిపి వాడవలసి వచ్చినచో రేడియల్ టైర్లు ముందు, అడ్డునేతవి వెనుక ఉండరాదని బ్రిటనులో చట్టము నిషేధించినది. గట్టి పట్టు గలది వెనుకనే ఉండవలెనను న్యాయమునే ఆ చట్టము చెప్పుచున్నది.

దీనికి ఎదురువాదము లేకపోలేదు. తిన్నని రోడ్డుపై బ్రేకు వేసినపుడు ముందు టైర్లే హెచ్చుగ పనిచేయును గనుక, కొత్తవి ముందున్నచో బండి కొంత త్వరగ ఆగును. ఇది నిజమే. కాని సగమరిగిన టైర్లు ముందున్నందువలన కలుగు ఆ లోటును నడుపువాడు గ్రహింపగలడు. వేగము తగ్గించి, ముందు బండికి దూరముగ ఉండి సరిపెట్టుకొనగలడు. తోక జారినపుడు సరిపెట్టుకొనుటకు వ్యవధి లేదు. చక్రములు బిగుసుకొనకుండ చూచు బ్రేకుల ఏర్పాటు 2019 ఏప్రిల్ నుండి మన దేశమున అమ్ము కొత్త కార్లకు తప్పనిసరి అయినది. బండి గిరగిర తిరుగకుండ చూచు ఎలక్ట్రానిక్ ఏర్పాట్లు కూడ కొన్ని కార్లలో కలవు. ఇవన్నియు ఉన్న పట్టును పొదుపుగ వాడుకొనును. లేని పట్టును సృష్టింపజాలవు.

కొలిచి చూచుట

ఏ టైరు మార్చవలెనో కంటితో చూచి నిర్ణయించుట పొరపాటు. కొత్త కారు టైరునకు గాళ్ల లోతు సుమారు 7, 8 మిల్లీమీటర్లుండును. అది 1.6 మిల్లీమీటర్లకు దిగినచో టైరు ఆయువు తీరినట్లే. మన దేశమున 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నిబంధనలలో 94వది టైర్ల స్థితికి సంబంధించినది. ఈ హద్దును చూపుటకు తయారీదారులే గాళ్ల అడుగున అడ్డముగ చిన్న రబ్బరు గట్టులను పోయుదురు. టైరు ఉపరితలము ఆ గట్టులతో సమమైనచో ఇక మార్పక తప్పదు. గట్టు ఎక్కడున్నదో తెలుపుటకు టైరు ప్రక్కగోడపై చిన్న త్రికోణపు గుర్తుగాని, టి.డబ్ల్యు.ఐ. అను అక్షరములుగాని ఉండును. అయితే 1.6 అనునది చట్టపు హద్దు. వానకు అది చాలదు. నీటిని తొలగించు శక్తి అంతకు చాల ముందే క్షీణించును గనుక, 3 మిల్లీమీటర్లకు దిగినప్పుడే కొత్తవాటిని గూర్చి ఆలోచించుట వివేకము.

కొలుచుటకు పెద్ద పరికరము అక్కరలేదు. విద్యార్థి పెట్టెలోని సన్నని స్కేలుతో కూడ ఇంచుమించుగ తెలియును. స్కేలు అంచునకును సున్న గీతకును మధ్య ఖాళీ ఉన్నచో దానిని లెక్కలో చేర్చుకొనవలెను. ఒక్కొక్క టైరును లోపలి అంచున, నడుమ, వెలుపలి అంచున మూడుచోట్ల కొలువవలెను. ఆ మూడు అంకెలే బండి చరిత్రను చెప్పును. నడుమ మాత్రమే అరిగినచో గాలి ఎక్కువ పట్టించినారు. రెండు అంచులును అరిగినచో గాలి తక్కువతో నడిపినారు. ఒక్క అంచే అరిగినచో చక్రముల అమరిక తప్పినది. అలైన్‌మెంటు సరిచేయింపక కొత్త టైరు వేసినను అదియు ఆ త్రోవనే పోవును.

అరుగుదల ఒక్కటే కాదు, వయస్సు కూడ చూడవలెను. ఇంటికిని బడికిని మాత్రమే తిరుగు కారు టైర్లకు గాళ్లు లోతుగనే ఉండవచ్చును. కాని ఎండకును గాలికిని రబ్బరు లోలోపల గట్టిపడి పగుళ్లు విచ్చును. టైరు ప్రక్కగోడపై డి.ఓ.టి. అను అక్షరములతో మొదలగు వరుస చివర నాలుగు అంకెలుండును. మొదటి రెండు వారమును, తరువాతి రెండు సంవత్సరమును తెలుపును. 2318 అని ఉన్నచో అది 2018వ సంవత్సరము 23వ వారమున తయారైనది. ఐదేళ్లు నిండిన టైరును ఏటేట పరీక్ష చేయింపవలెననియు, పదేళ్లు నిండినదానిని గాళ్లున్నను మార్పవలెననియు మిషెలిన్ వారి సలహా. డిక్కీలో పడియుండు స్టెప్నీ విషయమున దీనిని ఎక్కువమంది మరచిపోవుదురు.

ఏవి మార్చవలెను?

ఈ కొలతలు చేతికి వచ్చిన పిదప నిర్ణయము కష్టము కాదు. నాలుగును 3 మిల్లీమీటర్లకు దగ్గరగ ఉన్నచో నాలుగును మార్చుట మేలు. ముందువి రెండును హద్దు చేరి, వెనుకవి నాలుగైదు మిల్లీమీటర్లున్నచో, వెనుకవానిని ముందునకు తెచ్చి, కొత్తవానిని వెనుక బిగింపవలెను. చక్రములు తారుమారు చేయుటకు దుకాణమువారు మరికొంత కూలి అడుగవచ్చును. ఆ కూలికి వెనుదీయరాదు. వెనుకవి కూడ హద్దు సమీపమున ఉన్నచో, వానిని ముందునకు తెచ్చినందువలన లాభము లేదు. హద్దు దాటిన టైరునకు కారులో ఏ మూలను చోటు లేదు.

ఒక్క టైరే చెడినచో? నడిమి భాగమున మేకు దిగిన పంక్చరు అయినచో సరిచేయింపవచ్చును. ప్రక్కగోడ తెగినచో ఆ టైరును విడువవలసినదే. అప్పుడు ఒక్క కొత్త టైరును ప్రక్కనున్న అరిగినదానికి జోడు కట్టరాదు. ఒకే ఇరుసుపై రెండును ఒకే కొలత, ఒకే రకము, ఇంచుమించు ఒకే లోతు గలవై ఉండవలెను. లేనిచో తడిలో బ్రేకు వేసినపుడు బండి ఒక ప్రక్కకు గుంజవచ్చును. స్టెప్నీ అదే కొలతది అయి, వయస్సు మీరక కొత్తదిగ ఉన్నచో, క్రొత్త టైరునకు దానిని జోడుచేసి రెండింటిని వెనుక వేయుట ఒక ఉపాయము. నాలుగు చక్రములకును ఇంజను శక్తి అందు బండ్లలోను, ముందు వెనుకల టైర్లు వేర్వేరు కొలతలుగల బండ్లలోను మాత్రము కారుతో ఇచ్చిన పుస్తకము చెప్పినట్లే నడువవలెను.

కొనునపుడు పాత టైరుపై నున్న అంకెలను వ్రాసికొని పోవుట మంచిది. 185/65 ఆర్ 15 88 హెచ్ అని ఉన్నచో, 185 వెడల్పు మిల్లీమీటర్లలో. 65 ఆ వెడల్పులో నూటికి ఎన్నవ పాలు టైరు ఎత్తో తెలుపును. ఆర్ అనగా రేడియల్. 15 చక్రము అడ్డుకొలత అంగుళములలో. 88 అను అంకె ఆ టైరు 560 కిలోల వరకు మోయగలదని, హెచ్ అను అక్షరము గంటకు 210 కిలోమీటర్ల వేగమునకు తగినదని చెప్పును. కారునకు నిర్ణయించినదానికంటె తక్కువ మోయు టైరును చౌకయని కొనరాదు.

నాలుగును ఒకేసారి అరుగునట్లు చూచుకొనుట అన్నిటికంటె మేలు. సుమారు పదివేల కిలోమీటర్లకొకసారి ముందువి వెనుకకు, వెనుకవి ముందునకు మార్చుచున్నచో అరుగుదల సమముగ పంచుకొనును. ముందుకా వెనుకకా అను ప్రశ్నయే తలయెత్తదు. నెలకొకసారి, బండి చల్లగ ఉన్నపుడు గాలి చూపించుట టైరు ఆయువును పెంచును.

తెలుగునాట బడులు తెరచునదియు తొలకరి దిగునదియు ఒకే నెల, జూను. వేసవి అంతయు రోడ్డుపై పేరుకొనిన చమురును, ధూళియు తొలి జల్లుతో కలిసి జిగురు నీరగును. నున్నని టైరునకు అంతకంటె గడ్డు దినములు లేవు. వేసవి సెలవుల కడపటి ఆదివారమున పిల్లవాని చేతికి స్కేలు ఇచ్చి, నాలుగు టైర్లను మూడేసిచోట్ల కొలిపించి, పన్నెండు అంకెలు కాగితముపై వ్రాయించినచో, పిల్లవానికి ఒక పాఠము, ఇంటికి ఒక రక్ష. ఆ కాగితము తీసికొని దుకాణమునకు పోయిన తండ్రి చెప్పవలసిన మాట ఒక్కటే: "కొత్తవి వెనుక బిగించుము."